కైలాసం సేటు చెవి డబ్బా

కైలాసం సేటుకు ఒక రహస్యం చెప్పాలంటే సూర్యాపేట మొత్తం వినేటట్టు అరవాలి. ఆ మధ్యాహ్నం బీరయ్యకు వచ్చిన కష్టం సరిగ్గా అదే.

రహస్యం చిన్నదేం కాదు. పొద్దున వడ్ల వేలంపాట ముగియగానే వర్తకుల పెద్ద వెంకటనారాయణ బీరయ్యను మార్కెట్ గేటు పక్కకు పిలిచి చెప్పాడు. "మీ సేటు జేబుల పెట్టుకొని తిరుగుతుండు సూడు, చెవి మిషను, దాంతోని అందరు పరేషాన్ అయితున్నరు బీరయ్యా. గోడ అవతల మాట్లాడుకునేది గూడ ఇనపడతదని ఊరంత ఆయనే చెప్పుకుంట తిరుగుతుండు. మేం పక్కకు పోయి మెల్లగ ఒక రేటు అనుకుంటం, గది ఆయన చెవిన పడితె ఇగ మేం ఈడికి ఎందుకు రావాలె అంటున్నరు కోదాడోళ్లు, మిర్యాలగూడ మిల్లులోళ్లు. ఇయ్యాల రాందాస్ హోటల్ల కూసోని ఆయన నోటితోనే ఇంటం. నిజమే అని తేలితె రేపటిసంది డబ్బా గేటు కాడ ఇడిచిపెట్టి లోపలికి రావాలె. తీర్మానం అయిపోయింది."

డబ్బా గేటు దగ్గర వదిలి కైలాసం సేటు వేలంలోకి వెళ్లడమంటే కళ్లకు గంతలు కట్టుకుని బండి తోలడమే. బీరయ్యకు ఆ సంగతి ఇంకెవరికన్నా ఎక్కువ తెలుసు. ఆయన గొర్ల మనిషి. ప్రతి ఎండాకాలం ఆయన మంద కైలాసం పొలంలోనే పడుకునేది, ఆ ఎరువుతో పైరూ పెరిగింది, స్నేహమూ పెరిగింది. సేటుకు చెవులు పోయాక రెండేళ్లపాటు బీరయ్యే ఆయనకు చెవి. వేలంలో సేటు వెనక నిలబడి, పాట పెరిగినప్పుడల్లా గొర్ల కర్రతో వీపు మీద ఒక పోటు పొడిచేవాడు. ఒకనాడు ఏ పాపిష్టి గండుచీమో చెయ్యి కుట్టి బీరయ్య కర్ర విదిలిస్తే పోట్లు ధడధడ పడ్డాయి, సేటు ధడధడ చెయ్యెత్తాడు, ఎవరూ ముట్టని ముక్కిన వడ్లు బండెడు ఇంటికి వచ్చాయి. బీరయ్య ఇంట్లో గొడవ ఇంకో రకం. "సేటు చెవివి నువ్వైతివి, మరి మందకు చెవి ఎవలు? నిన్న తోడేలు వచ్చి తిరిగి సూసి పోయింది" అని భార్య తిరుపతమ్మ నిలదీసేది.

కర్ర పట్టుకుని మళ్లీ నిలబడాలంటే బీరయ్యకు బాధ లేదు. బాధంతా సేటు గురించే. ఆ రెండేళ్లూ ఆయన మనుషుల్లో కూర్చోవడం మానేశాడు. నలుగురు నవ్వితే తనను చూసే నవ్వుతున్నారనుకుని లేచి వెళ్లిపోయేవాడు. కోతలు కోయడం కూడా మానేశాడంటే చూడండి, సూర్యాపేటలో ఎంత చీకటి పడిందో. మిషను వచ్చాకే మనిషి మళ్లీ మనిషయ్యాడు. ఆ మనిషి మళ్లీ మూల కూర్చుంటే చూడటం బీరయ్య వల్ల కాదు.

అందుకే హోటలుకు పరుగు పెట్టాడు. కైలాసం సేటు అక్కడే ఉన్నాడు, బెంచీ మీద, ఒక్కడే. జేబులో డబ్బా ఉంది, అక్కడినుంచి సన్నటి తీగ మెడ పక్కగా పాకి చెవిలోకి వెళుతోంది. కాని డబ్బా కట్టేసి ఉంది. మాట్లాడేవాళ్లు లేనప్పుడు లోపలి సెల్లు దండుగని సేటు దాని చక్రం తిప్పి కట్టేసుకుంటాడు.

"సేటూ, వెంకటనారాయణ వస్తుండు, మిషను గురించి ఏం చెప్పకు" అన్నాడు బీరయ్య చెవి దగ్గర నోరు పెట్టి.

"ఆఁ?"

"మిషను గురించి చెప్పకు!"

"ఆఁ? పశులు తప్పిపోయినయా?"

ఇంకాస్త గట్టిగా అందామని బీరయ్య ఊపిరి పీల్చాడు. అంతలో గుమ్మంలో వెంకటనారాయణ, ఆయన వెనక కోదాడ వ్యాపారి జనార్దన్ కనపడ్డారు. పీల్చిన ఊపిరి పీల్చినట్టే ఉండిపోయింది. వినేవాళ్లు వచ్చారని సేటుకు మహా సంబరం. బొటనవేలితో డబ్బా చక్రం తిప్పాడు. అది కుయ్యిమని ఒక ఈల వేసి ఊరుకుంది.

"ఆఁ, ఇగ చెప్పు బీరయ్యా. ఏమంటున్నవ్?"

ఇద్దరూ బీరయ్య మొహం వైపే చూస్తున్నారు.

"ఏం లే సేటూ. చాయ తాగుతవా అంటున్న."

రాందాస్ నాలుగు చాయలు పెట్టాడు. జనార్దన్ కోదాడ మనిషి, ఆయన మాటలో సగం బెజవాడ దిక్కుకు ఒరిగి ఉంటుంది. సాసరులో చాయ పోసుకుంటూ ఏమీ ఎరగనట్టు అడిగాడు. "ఏమండీ కైలాసం గారూ, ఆ చెవి మిషను బాగా పనిచేస్తోందా?"

అంతే. కట్ట తెగింది.

"పనిచేస్తదా అంటవేందయ్యా జనార్దన్! ఇది రెండో మిషను. మొదటిదాని కథ వింటే నువ్వు ఇయ్యాల కోదాడ బస్సు ఎక్కవు. మొదటిది వాల్వులది. వాల్వులంటె పెద్ద రేడియోల ఉంటయి సూడు, గాజు బుడ్డీలు, గవే. మిషను జేబుల, బ్యాటరీలు నడుముకు. బ్యాటరీలంటె టార్చిలైటు సెల్లులు అనుకునేవు. రెండుంటయి. ఒకటి ఇటుక. ఇంకోటి ఇటుక బట్టీ. అవి కట్టుకొని లేస్తె ధోతి జారుతది, ధోతి పట్టుకుంటె బ్యాటరీ జారుతది, రెండు పట్టుకుంటె ఎవలన్న నమస్తె పెడితె తిరిగి పెట్ట చెయ్యి లేదు. హైదరాబాదుల బస్సెక్కితె కండక్టరు నాకొక టికెటు, నా చెవికొక టికెటు కొట్టిండు. సరే, పోనీ అనుకున్న. నకిరేకల్ దాటినంక బస్సు ఆగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైందండీ?"

"బస్సు బ్యాటరీ ఖతం. జనం దిగి నూకుతున్నరు, కదలదు. డ్రైవరు నా కాడికి వచ్చి రెండు చేతులు జోడించి, 'సేటూ, జర మీ చెవి ఇయ్యిండ్రి' అన్నడు. ఇచ్చిన. నా చెవి బ్యాటరీ తోని బస్సు సూర్యాపేట దాక వచ్చింది. వచ్చుడు గూడ ఎట్ల, హారన్ కొట్టుకుంట వచ్చింది! ఇగ గాజు బుడ్డీలు వేడెక్కుతయి సూడు, ఆ చలికాలం మా ఇంట్ల దుప్పట్లు బయటికి తియ్యలె. మా కన్యకమ్మ పొయ్యి రాజేసుడు ఎందుకని నా జేబు మీదనే అప్పడాలు కాల్చింది."

రాందాస్ పకపక నవ్వాడు. వెంకటనారాయణ మీసాల కింద కూడా కాస్త కదలిక కనపడింది. బీరయ్యకు ప్రాణం లేచి వచ్చింది. ఇట్లాంటి కోతలు ఎన్నైనా కోసుకోనీ, ఎవరికీ నష్టం లేదు.

"గప్పుడు వచ్చింది ట్రాన్సిస్టరు" అన్నాడు సేటు, గొంతు తగ్గించి, దేవుడి పేరు చెప్పినట్టు. "దుకాణం ఆయన అరచేతిల పెట్టి సూపెట్టిండు. నాకు కనపడలె. ఏడ ఉన్నదయ్యా అన్న. 'మెల్లగ ఊపిరి ఇడువుండ్రి సేటూ, ఎగిరిపోతది' అన్నడు. బియ్యపు గింజల సగం గింజ. వాల్వు చేసే పనే చేస్తది గని వేడెక్కది, ఇటుకలు అడగది, వేలంత సెల్లు పెడితె నెలలకు నెలలు నడుస్తది. గసొంటియి ఇందుల మూడున్నయి. చెవిల పెట్టుకొని దుకాణంల కెల్లి బయటికి వచ్చిన. నా ఎన్క ఎవలో వస్తున్నరు, కిర్రు కిర్రుమని. తిరిగి సూస్తె ఎవలు లేరు. నడిస్తె మల్ల కిర్రు. ఆగితె ఆగుతుండు. ఎవడ్రా వీడు అని కిందికి సూసిన. నా చెప్పులు! రెండేండ్లసంది నాతోని నడుస్తున్న చెప్పులు. వాటికి నోరున్నదనే నాకు ఎరుక లేదు. గాడనే రోడ్డు మీద అటు పోయిన, ఇటు పోయిన, ఊకె నడిసిన."

ఇది నిజం. బీరయ్యకు తెలుసు. ఆ చెప్పులు తెగినా సేటు కుట్టించి కుట్టించి వాడుతున్నాడు. ఇక్కడితో ఆగితే ఎంత బాగుండేది! కాని ఆగడం కైలాసం సేటు ఒంట్లోనే లేదు.

"ఇంటికి వచ్చి, అన్నం తిని, జర కునుకు తీద్దమని ఒరిగిన. గోదాంల ఒకటే కరకర. దొంగలు పడ్డరని కర్ర పట్టుకొని పోయిన. ఎవలు లేరు. మరి ఏందా చప్పుడు? బస్తాలల్ల ముక్కుపురుగులు బియ్యం నములుతున్నయ్! అంతేనా? పాత బియ్యం నమిలే చప్పుడు ఏరు, కొత్త బియ్యం నమిలే చప్పుడు ఏరు. మూల బస్తాల ఒక ముసలి పురుగు పండ్లు లేక చప్పరిస్తున్నది, పాపం. దానికి నూకలు ఏసి వచ్చిన."

"గోదాం గోడ రాతి గోడ గద కైలాసం?" అన్నాడు వెంకటనారాయణ, చాయలోకి చూస్తూ. "ఎంత మందం ఉంటది?"

బీరయ్య బెంచీ కింద సేటు కాలు తొక్కాడు.

"కాలెందుకు తొక్కుతున్నవ్ బీరయ్యా?" అన్నాడు సేటు హోటలంతా వినపడేలా. "తొక్కు, తొక్కు. నీ మడమల ఎముకలు ముచ్చట పెట్టుకునుడు గూడ ఇనపడుతున్నది. గోడలా? గోడలు దీనికి అడ్డమా! గోడ ఎంత మందముంటె అంత సాఫ్ ఇనపడతది. ఇగ మొన్నటి సంగతి చెప్త. ఈడనే కూసున్న, ఇదే బెంచి. చక్రం జర ఎక్కువ తిప్పిన. ఏం ఇనపడ్డదో చెప్పు జనార్దన్?"

"ఏం వినపడిందండీ?"

"నువ్వు! కోదాడల మీ ఇంట్ల, కంచం ముందర. మీ ఇంటామె గోంగూర పచ్చడి వడ్డించింది. నువ్వు ఒక ముద్ద పెట్టుకున్నవ్. ఉప్పెక్కువైందని మనసుల అనుకున్నవ్. బయటికి అనలె."

జనార్దన్ చేతిలో సాసరు ఒరిగి చాయ ధోతి మీద పడింది. "నిజమే!" అన్నాడు. "అనలేదు నేను. దేవుడి తోడు, అనలేదు! అమ్మో, మనసులో అనుకున్నది కూడా వినపడుతుందటండీ!"

కైలాసం సేటే ఒక క్షణం నివ్వెరపోయాడు. తన మాట ఇంత త్వరగా రుజువవడం ఆయన జీవితంలో అదే మొదటిసారి. ఇక ఆయన్ని పట్టుకునేవాళ్లెవరు? మిర్యాలగూడ మిల్లులో బెల్టు తెగబోతుంటే ఇక్కడినుంచే విని తంతి కొట్టానన్నాడు. తంతి వెళ్లేలోపల తంతి తీగల్లో పోయే అక్షరాలు కూడా వినపడ్డాయన్నాడు. అందులో ఒక అక్షరం తప్పు పోతుంటే నార్కట్‌పల్లి దగ్గర ఆపి సరి చేయించానన్నాడు. ఒక్కొక్క మాటకూ వెంకటనారాయణ తల మెల్లగా ఊగుతోంది. ఆ ఊపు చూస్తుంటే బీరయ్యకు తన గొర్ల కర్ర కళ్లముందు ఆడింది.

సేటు నోరు మూయించడం అయ్యే పని కాదని ఆయనకు తేలిపోయింది. మరేం చెయ్యాలి? ఆలోచించగా ఒక్కటే దారి కనపడింది. అబద్ధం గోరంత ఉంటేనే కదా నమ్ముతారు. కొండంత చేయిస్తే? ఎంత అమాయకుడైనా నవ్వి లేచిపోయేంత పెద్దది చేయిస్తే?

"సేటూ, గియ్యన్ని ఎందుకు? కాలువ సంగతి చెప్పు" అన్నాడు.

కైలాసం సేటు దగ్గర కాలువ సంగతి ఏదీ లేదు. అయినా కథ లేదనే చిన్న కారణానికి ఆయన ఏనాడూ కథ చెప్పడం మానలేదు.

"కాలువా... ఆఁ, కాలువ! మంచిగ యాది చేసినవ్ బీరయ్యా. నందికొండ కాడ డ్యాం కడుతున్నరు గద, నాగార్జునసాగర్. కాలువ ఇంక ఇటు దిక్కు రాలె, గడ్డపార గూడ పడలె. అవునా? నేను మొన్న హుజూర్‌నగర్ పోయిన, పనిమీద. చేల గట్టున నిలబడి మిషను జర సర్దుకుంటున్న. గలగల, గలగల! నీళ్లు! ఏడనయ్యా నీళ్లు? చుక్క లేదు. వంగి నేలకు డబ్బా ఆనించిన. తవ్వని కాలువల నీళ్లు పారుతున్నయ్! ఒకకాడ బండరాయికి కొట్టుకొని సుడి తిరుగుతున్నయ్. గట్టు మీద ఒక కప్ప బెకబెకమంటున్నది. అది ఇంక పుట్టలె. దాని తాత గూడ ఇంక పుట్టలె!"

బీరయ్య ఆశగా జనార్దన్ వైపు చూశాడు. ఇప్పుడు నవ్వుతాడు. ఇప్పుడు లేస్తాడు.

జనార్దన్ బెంచీ మీద ముందుకు జరిగాడు. "హుజూర్‌నగర్ దగ్గర అది ఏ పక్కకు తిరుగుతుందండీ? నేను కొందామనుకుంటున్న పొలానికి ఎగువనా, దిగువనా?"

బీరయ్యకు ఏడుపు వచ్చినంత పనైంది. అబద్ధం కొండంత అయితే నమ్మరనుకున్నాడు కాని, ఆ కొండ మీద పొలం కొనేవాళ్లుంటారని అనుకోలేదు. పొయ్యి దగ్గర రాందాస్ కూడా గరిట పట్టుకుని నోరు తెరిచి వింటున్నాడు. వెనక పాలు బుస్సున పొంగి పొయ్యిలో పడ్డాయి. తవ్వని కాలువలో కప్ప వినపడిన సేటుకు ఆ చప్పుడు మాత్రం వినపడలేదు. అది ఎవరైనా గమనించారా అంటే అదీ లేదు.

సేటు ఇంకా పైకి పోయాడు. అంగట్లో గొర్రెలు తమలో తాము ఏమనుకుంటాయో చెప్పాడు. ఒక పొట్టేలు తనను కొనబోయే మనిషిని చూసి "వీని చేతికి పోను, వీని ఇంట్ల గడ్డి మంచిగుండదు" అన్నదట. వరి పొట్టకొచ్చేటప్పుడు చేసే మూలుగు విని పంట ఎంతొస్తుందో చెప్పేస్తాడట. చివరికి అందరి వైపూ ఒకసారి చూసి, గ్లాసు పక్కన పెట్టి, తీరిగ్గా అన్నాడు. "ఇగ అసలు సంగతి. గిది ఎవలకు చెప్పలె. చక్రం ఆఖరిదాక తిప్పితె రేపటి పాట ఇయ్యాల్నే ఇనపడతది."

"రేపటి పాటనా?" అన్నాడు వెంకటనారాయణ.

"రేపటిది. ఎల్లుండిది గూడ. జర గాలి తక్కువుంటె వచ్చే సంక్రాంతి దాక."

వెంకటనారాయణ చాయ గ్లాసు కింద పెట్టి, భుజం మీద కండువా సర్దుకుని లేచాడు. "ఇన్నం. ఇగ చాలు. జనార్దన్, లే పోదం. మిగిలినోళ్లకు చెప్పాలె." ఆ గొంతులో కోపం లేదు, అదే బీరయ్యను ఎక్కువ భయపెట్టింది. పని అయిపోయిన గొంతు అది. రెండడుగులు వేస్తే గుమ్మం, గుమ్మం దాటితే ఇక అంతే.

"సేటూ!" అని అరిచాడు బీరయ్య. ఏమడగాలో తెలియకుండానే అరిచాడు, నోటికి వచ్చింది అడిగేశాడు. "రుమాలు కింద బేరం ఇనపడతదా?"

గొర్రెల అంగట్లో రేటు నోటితో చెప్పరు. అమ్మేవాడూ కొనేవాడూ చేతుల మీద రుమాలు కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుంటారు. ఎన్ని వేళ్లు పడితే అంత రేటు. తల ఊపితే కుదిరినట్టు, చెయ్యి లాక్కుంటే లేనట్టు. చుట్టూ వంద మంది నిలబడినా బేరం ఎంతకు కుదిరిందో వాళ్లిద్దరికే తెలుస్తుంది, ఎందుకంటే ఆ బేరానికి మాటే లేదు. కైలాసం సేటు వడ్ల మనిషి. రుమాలు కింద చెయ్యి పెట్టి ఎరగడు.

"ఇనపడకేమయా!" అన్నాడు వెంటనే. "నోటి మాటకన్న మంచిగ ఇనపడతది. వేలు వేలుకు ఒరుసుకుంటె ఒక్కొక్క వేలు ఒక్కొక్క తీరు మోగుతది. చిటికెన వేలు సన్నగ, బొటనవేలు డప్పు లెక్క."

గుమ్మం దగ్గర వెంకటనారాయణ ఆగాడు. ఆయన వడ్ల వ్యాపారంలోకి రాకముందు ఎడ్ల బేరాలు చేసినవాడు. ఎన్ని వందల సార్లు రుమాలు కింద చెయ్యి పెట్టాడో ఆయనకే తెలియదు. మెల్లగా వెనక్కి తిరిగాడు.

"వేళ్ల చప్పుడు ఇనపడతదా కైలాసం?"

"ఇనపడతది."

"అయితె సూద్దం పా" అన్నాడు బీరయ్య. తలకు చుట్టిన రుమాలు విప్పి దులిపాడు. గొర్ల వాసన హోటలంతా కమ్మింది. వెంకటనారాయణ వచ్చి ఎదురుగా కూర్చుని కుడిచెయ్యి చాపాడు. బీరయ్య కూడా చెయ్యి చాపాడు. రెండు చేతుల మీదా రుమాలు పడింది.

కైలాసం సేటు మహారాజులా లేచాడు. రాందాస్‌ను పొయ్యి మీది గిన్నె దించమన్నాడు. జనార్దన్‌ను గట్టిగా ఊపిరి పీల్చొద్దన్నాడు. గుమ్మం మీద కాకిని తోలించాడు. చొక్కా జేబు సరిగ్గా ఆ రుమాలు మీదికి వచ్చేట్టు వంగి, కళ్లు మూసుకుని, చక్రం తిప్పాడు. డబ్బా కుయ్యిమంది. చొక్కా గుడ్డ రాసుకుని చెవిలో బరబరమంది. ఆ బరబర ఒక్కటే ఆయనకు వినపడుతున్నదని బీరయ్యకు తెలుసు, ఎప్పుడో సేటే చెప్పాడు.

రుమాలు కింద వెంకటనారాయణ చెయ్యి అటూ ఇటూ కదిలింది. చీకట్లో అగ్గిపెట్టె వెతుకుతున్నట్టు వెతికింది. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. తల ఎత్తి బీరయ్యను చూశాడు. బీరయ్య రెప్ప వేయలేదు. నోరు తెరవకుండా, కళ్లతోనే, మొక్కినంత పని చేశాడు. పెద్దాయన చెయ్యి కదలడం మానేసింది.

"ఆఁ, మొదలైంది" అన్నాడు సేటు కళ్లు మూసుకునే. "పెద్దాయన తక్కువకు అడిగిండు. బీరయ్య ఒప్పుకుంటలేడు. ఉంగరం వేలు బతిమాలుతున్నది, ఇనపడుతున్నదా మీకు? మీకెట్ల ఇనపడతది! ఇగో, బొటనవేలు మెత్తబడ్డది... నడిమి వేలు అడ్డం పడ్డది... అరే, ఆగుండ్రి, ఆగుండ్రి... కుదిరింది! గొర్రెకు ముప్ఫయి ఏడున్నర! బీరయ్యా, నష్టపోయినవ్ గదయ్యా!"

కళ్లు తెరిచి నలుగురినీ విజయగర్వంతో చూశాడు.

వెంకటనారాయణ ఎడమచేత్తో రుమాలు కొస పట్టుకుని ఎత్తాడు. కింద ఆయన చెయ్యి ఒక్కటే ఉంది, వెల్లకిలా, ఎవరైనా ఏమైనా పెడతారా అని చూస్తున్నట్టు. బీరయ్య చెయ్యి బెంచీ పక్కన కిందికి ఉంది. అందులో చాయ గ్లాసు ఉంది. రుమాలు పడీ పడకముందే ఆయన చెయ్యి వెనక్కి లాగేసుకున్నాడు.

"మరి బీరయ్య వేళ్లేవండీ?" అన్నాడు జనార్దన్.

మొదట రాందాస్ నవ్వాడు, గరిట పట్టుకునే కింద కూలబడ్డాడు. తర్వాత వెంకటనారాయణ నవ్వాడు. ఆ మీసాల కింద పండ్లున్నాయని సూర్యాపేటలో చాలామందికి అప్పటిదాకా తెలియదు. నవ్వి నవ్వి, రుమాలుతో కళ్లు తుడుచుకోబోయి, గొర్ల వాసనకు తుమ్మి, మళ్లీ నవ్వాడు.

"అదెట్లనంటె..." అని మొదలుపెట్టాడు సేటు. "బీరయ్య వేళ్లు పెడదామని మనసుల అనుకున్నయి గద, ఆ అనుకునుడు..."

"ఇగ చాలుగని కూసో కైలాసం" అన్నాడు వెంకటనారాయణ. "లేని చెయ్యితోని బేరం చేయించినవ్. నీకు మా గుసగుసలు ఏం ఇనపడతయి!"

"మరి గోంగూర పచ్చడండీ?" అన్నాడు జనార్దన్ ఇంకా తేలక.

"ఉప్పు ఎక్కువ పడని ఇల్లు ఏడున్నదయ్యా? పడ్డా నోరు తెరిచి అన్న మగోడు ఏడున్నడు?"

"అయితే కాలువ..." జనార్దన్ గొంతు నీరుకారిపోయింది. మనసులో కొనేసిన పొలాన్ని మనసులోనే అమ్ముకున్నాడు.

వెంకటనారాయణ లేచి సేటు భుజం మీద చెయ్యి వేశాడు. "నీ డబ్బా రేపటిసంది గేటు కాడ ఇడిచిపెట్టించాలని తీర్మానం చేసుకొని వచ్చినం కైలాసం. నువ్వు చెప్పేది ఇంటుంటె ఇగ తప్పదనే అనుకున్న. గది ఇగ ఖతం. రేపు పెట్టుకొనే రా. వేలంపాట నీకు సక్కగ ఇనపడితె సాలు."

ఇద్దరూ వెళ్లిపోయారు. గుమ్మం దాటినా వాళ్ల నవ్వు చాలాసేపు వినపడింది. రేపు పొద్దున్నకల్లా కోదాడా, మిర్యాలగూడా కూడా నవ్వుతాయి, అందులో అనుమానం లేదు. లేని చెయ్యి కథ సేటు బతికినన్నాళ్లూ ఆయన ముందు నడుస్తుంది.

కైలాసం సేటు కదలలేదు. "గేటు కాడ" అన్న మాట ఆయనకు ఇప్పుడిప్పుడే లోపలికి దిగుతోంది. రెండు చేతులతో చొక్కా జేబు గట్టిగా పట్టుకున్నాడు. మొహం పాలిపోయింది. కాసేపటికి ఆ పాలిపోయిన మొహమే ఎర్రబడింది, ఎందుకంటే భయం తగ్గేసరికి అవమానం గుర్తొచ్చింది.

"నలుగుర్ల నా పరువు తీసినవ్ గద బీరయ్యా" అన్నాడు. ఆ గొంతులో నిజంగానే బాధ ఉంది.

బీరయ్య రుమాలు తలకు చుట్టుకుంటున్నాడు. సేటు వైపు చూడకుండానే, పక్కన పొయ్యి తుడుస్తున్న రాందాస్‌కు కూడా అందనంత మెల్లగా అన్నాడు.

"పరువే గద సేటూ తీసింది. చెవి తియ్యనియ్యలె."

సేటు మళ్లీ చెప్పమని అడగలేదు.